మద్దిచెట్టు మీద లేని లెక్క

కొండ కింది అడవికి ఆనుకుని వేరుశెనగ చేలు ఉండేవి. కోతలయ్యాక నేలలో మిగిలిపోయిన కాయలు ఏరుకోవడం ఆ అడవి జంతువులకు ఏటా పండగే. పండగతోపాటు ఓ కట్టుబాటు కూడా ఉంది. కోతలైన నెలలోపు ప్రతి జంతువూ మద్దిచెట్టు కిందికి వచ్చి, తాను ఎంత పోగేసిందో ఏనుగు పెద్దమ్మకు చెప్పాలి. వడ్రంగిపిట్ట ఆ లెక్కను చెట్టు బెరడు మీద ఎవరి గుర్తు కింద వాళ్ళకు ముక్కుతో పొడిచి పెడుతుంది. పది కుంచాలు దాటినవాళ్ళు ఒక వాటా, కష్టకాలానికి అందరి కోసం దాచే కరువుగోతిలో వెయ్యాలి. దాటనివాళ్ళు ఏమీ ఇవ్వక్కర్లేదు, వచ్చి చెప్పిపోతే చాలు.

ఆ చెప్పిపోవడానికే పందికొక్కు పోలయ్యకు బద్ధకం. మొదటి ఏడు "రేపెళ్తాలే" అంటూ నెల గడిపేశాడు. రెండో ఏడు మీసాలు దువ్వుకుని బయల్దేరి సగం దారిలో ఆగిపోయాడు. నిరుడు ఏమయ్యావని అడిగితే ఏం చెప్పాలి? వెనక్కి తిరిగొచ్చేశాడు. మూడో ఏటికి చెప్పాల్సిన సంజాయిషీ రెండింతలైంది, భయం నాలుగింతలైంది.

ఇక అతనికి కాలు నిలవదు, కంటికి కునుకు లేదు. అడవిలో ఎక్కడ టక్కుటక్కుమన్నా తినబోయే కాయ చేతిలోంచి జారిపోయేది.

"విన్నావా? ఆ పిట్ట నా పేరే పొడుస్తోంది!"

"గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస," అంది పెళ్ళాం పైడమ్మ. "వెళ్ళి ఓ మాట చెప్పేసి రారాదూ? పెద్దమ్మేమైనా తొక్కేస్తుందా?"

"తొక్కితే?"

 పోలయ్య కలుగుకున్న నాలుగు దారుల్లో మూడు పూడ్చేశాడు. మర్నాడు పారిపోవడానికి దారి లేదని భయపడి మళ్ళీ తవ్వాడు.

సరిగ్గా ఆ తవ్వకాల మధ్యే నక్క వీరభద్రం వచ్చాడు. వేటాడే ఓపిక లేక ఊరందరికీ సలహాలిచ్చి బతికే ఘనుడు.

"ఏం బావా, ఇలా చిక్కిపోయావు?"

ఎవరైనా అడిగితే చాలని ఉన్నాడేమో, పోలయ్య మూడేళ్ళ కథా ఏకరువు పెట్టాడు. ఈ ఏడు కలుగులో పద్దెనిమిది కుంచాలున్నాయని కూడా చెప్పేశాడు.

వీరభద్రం తోక ఒక్కసారి కదిలి ఆగింది. "మూడేళ్ళే! ముందుంది ముసళ్ళ పండగ. రేపు పెద్దమ్మ కలుగులన్నీ తవ్వించి చూస్తుందట. చెప్పని కాయలు దొరికాయో, కాయలూ పోతాయి, నువ్వూ పోతావు."

"మరి దారేది బావా?"

"కాయలుంటేనే కదా అడుగుతారు. తెచ్చి నా బొరియలో దాచు. నేను ఏటా చెప్పొచ్చేవాణ్ణి, నా జోలికెవరూ రారు. గండం గడిచాక పట్టుకుపో. నాకు కాయ కూడా వద్దు, నీ స్నేహం చాలు."

నక్క ఏమీ వద్దన్నప్పుడే అనుమానం రావాలి. భయంలో ఉన్నవాడికి అనుమానం రాదు, తొందరొస్తుంది.

"పద్దెనిమిది కుంచాలు మొయ్యడానికి ఓపికుంది గానీ, ఆ చెట్టుదాకా నడవడానికి లేదా?" అంది పైడమ్మ. పోలయ్య వినిపించుకోలేదు. అడవంతా కునికే మిట్టమధ్యాహ్నం మొగుడూ పెళ్ళాలిద్దరూ రొప్పుతూ తిరిగి తిరిగి కాయలన్నీ నక్క బొరియలో పోశారు.

మర్నాడు తవ్వడానికి ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు పోలయ్య నక్క బొరియకు వెళ్ళాడు.

"గండం గడిచింది బావా. నా కాయలు?"

"ఏ కాయలు?" వీరభద్రం ఓ కాయ ఒలుచుకుంటూ అన్నాడు. "ఇవి నావి. నిన్న పొద్దున్నే మద్దిచెట్టు కింద పద్దెనిమిది కుంచాలని చెప్పాను, వాటా కూడా ఇచ్చాను. అనుమానముంటే వెళ్ళి చూసుకో."

మూడేళ్ళుగా చివరిదాకా తొక్కని ఆ దారిన పోలయ్య పరుగు పెట్టాడు. పెద్దమ్మ కాళ్ళ దగ్గర పడి జరిగిందంతా చెప్పాడు. "ప్రతి కాయ మీదా నా పంటి గాటుంది పెద్దమ్మా!"

పెద్దమ్మ తొక్కలేదు. "నీ మాట నిజమేననిపిస్తోందిరా. కానీ నాకనిపించిందని వాడి బొరియ తవ్వించలేను. ఏమే పిట్టా, వీడి గుర్తు కింద ఏముంది?"

వడ్రంగిపిట్ట చెట్టు చుట్టూ ఎగిరి చూసింది. "నున్నటి బెరడు."

"చెట్టు లెక్కన మూడేళ్ళుగా నీ దగ్గర ఒక్క కాయ లేదు పోలయ్యా. లేని కాయలు ఎవరు దొంగిలిస్తారు?"

"మరి ఈ పిట్ట రోజూ నా పేరే పొడిచేది కదా?"

"నీ పేరా?" పిట్ట తెల్లబోయింది. "నేను పురుగుల కోసం పొడుచుకుంటాను."

"మొదటి ఏడు ఎంత పోగేశావు?" అడిగింది పెద్దమ్మ.

"ఎనిమిది."

"పది దాటలేదుగా, నువ్వివ్వాల్సింది ఏమీ లేదు. రెండో ఏడు?"

"వరదకి కొట్టుకుపోయి మూడే మిగిలాయి."

"ఆ ఏడు నష్టపోయామని చెప్పినవాళ్ళకి కరువుగోతిలోంచి మేమే ఇచ్చాం. ఈ ఏడైనా వచ్చుంటే వాటా, గడిచిన రెండేళ్ళ ఆలస్యానికి ఇంకో రెండు కుంచాలు తీసుకునేదాన్ని. మిగతాదంతా నీ కలుగులోనే ఉండేది."

పోలయ్యకు ఏడుపు ఆగలేదు. కాయలు పోయినందుకు కొంత, ఎవరూ తరమకుండానే మూడేళ్ళు పరిగెత్తినందుకు మరికొంత.

మరుసటి ఏడు వానల్లేక చేలు ఎండిపోయాయి. కోతలైన మొదటి రోజు తెల్లారేసరికి పోలయ్య మద్దిచెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

"ఎన్ని?" అంది పిట్ట.

"నాలుగు కాయలు."

"కుంచాలా?"

"కాదు, కాయలే."

"నాలుగు కాయలు చెప్పడానికి ఇంత పొద్దున్నే వచ్చావా?"

"పొడువమ్మా," అన్నాడు పోలయ్య. "ఆ నాలుగూ నావని చెట్టు మీద ఉండాలి."

చెప్పాల్సిన నాడు చెప్పని సొత్తును, పోయిన నాడు నాదంటే నమ్మేవాడుండడు.