వరుణదేవుడి తొలిచూపు

పూర్వం శిలోచ్చయపురమనే మహానగరాన్ని మణికేతనుడనే రాజు పాలిస్తుండేవాడు. శూరుడు, సత్యసంధుడు, అడిగినవారికి లేదనని దాత. అటువంటి రాజు ఏలుబడిలో ఐదేళ్లు వరసగా వాన లేదు. నది ఇసుక మేట అయింది. బావులు అడుగంటాయి. జనం రెండు క్రోసులు నడిచి కడవతో నీళ్లు తెచ్చుకునేవారు.

అప్పుడు తపోధనుడైన ఊర్ధ్వరోమ మహర్షి సభకు విచ్చేసి, తన పాదాలు కడగడానికి తెచ్చిన చెంబెడు నీళ్లూ వాకిట కావలివాడికి తాగించి, ఆ తరువాత ఆసనం మీద కూర్చుని ఇలా పలికాడు.

"రాజా, నీ నగరం నడుమ ఉన్న ఏకశిల కొండను యాభై మూరల వరుణమూర్తిగా చెక్కించు. కన్ను తెరిపించిన క్షణాన పాశహస్తుడైన ఆ జలాధిపతి రాతిలో ప్రవేశిస్తాడు. ఆయన తొలిచూపు ఎవరిమీద పడుతుందో వారి దాహం తీరుతుంది."

ఆ పని చిత్రబాహువనే వృద్ధ స్థపతి చేతికి వచ్చింది. విశ్వకర్మ వంశంలో పుట్టినవాడు, మాట తక్కువ మనిషి. మూడువందలమంది రాళ్లు చెక్కే కాసెపనివాళ్లను వెంటబెట్టుకుని, కొండకు చుట్టూ పరంజా కట్టి, పాదాలనుంచి కిరీటం దాకా ఏడేళ్లు చెక్కాడు. ఆ ఏడేళ్లూ చినుకు రాలలేదు. పోలమ అనే ముసలిది రోజూ రెండు కడవల నీళ్లు మోసుకొచ్చేది. కాల్చిన ఉలులను ముంచడానికి ఒకటి, మనుషులు తాగడానికి ఒకటి. రెండోది ఎప్పుడూ చాలేది కాదు.

దేవతామూర్తికి కళ్లు చివరన చెక్కుతారు. అంతదాకా ముఖానికి తడికెలు కట్టి ఉంచుతారు. ముందురోజు కనుపాప ఎక్కడ రావాలో జేగురు మట్టితో గుర్తు పెడతారు. తెల్లవారి స్థపతి తన ముఖం పక్కకు తిప్పుకుని, చేతి అద్దంలో ఆ గుర్తు చూసుకుంటూ బంగారు ఉలితో గీత తీస్తాడు. ఎందుకంటే, ఎదురుగా చూస్తూ కన్ను తెరిచినవాడి చూపు ఆ కంటిలోకే వెళ్లిపోతుంది. తాతలనాటినుంచి ఆ కులంవాళ్లు తప్పని కట్టడి అది.

చిత్రబాహువు గర్భగుడి మూర్తులకు పెట్టినట్టే సమదృష్టికి గుర్తు పెట్టాడు. ఎదుట ఉన్నవాణ్ణి తిన్నగా చూసే చూపు అది. రాజభటులు ఆ గుర్తునుంచి తాడు లాగి చూస్తే, అది సరిగ్గా రాజసౌధం ఏడో అంతస్తుకు తగిలింది.

రాజు సంతోషించి స్థపతిని పిలిపించి, "శిల్పిశ్రేష్ఠా, రేపు ఆ అంతస్తులో నేను నిలబడతాను. నా దాహం నాలుగు సముద్రాల నడుమ భూమి. నేను చక్రవర్తినైతే పొరుగు నదులన్నీ మనవే, నా ప్రజలు అవి తాగుతారు. గుర్తు మారితే నీ కుడిచేయి నీకు ఉండదు" అన్నాడు. కపటం లేకుండానే అన్నాడు. నిజంగానే అలా అవుతుందని నమ్మాడు.

స్థపతి చేతులు జోడించి వచ్చేశాడు. ఆ సాయంత్రం తడికెలు విప్పారు. ఏడేళ్లుగా ఆ రాతిని మూరెడు దూరంనుంచే చూసిన ముసలివాడు, మొదటిసారి పాదాల దగ్గర నిలబడి తల ఎత్తాడు. జేగురు గుర్తు ప్రకారం దేవుడి చూపు జనం నెత్తిమీదుగా ఎక్కడికో పోతోంది. తప్పు తెలిసింది. గుడిలో దేవుడు మనిషంత ఉంటాడు కాబట్టి సమదృష్టి మనిషికి అందుతుంది. యాభై మూరల దేవుడికి అదే కొలత పెట్టాడు. తన కులంలో ఇంత ఎత్తు ఎవరూ చెక్కలేదు కనుక, చెప్పినవారు లేరు.

పక్కనే పోలమ ఖాళీ కడవ దించుకుని తనూ పైకి చూసింది.

"ఇంత పొడుగు పెంచావు గానీ, వంగి చూట్టం నేర్పలేదే అయ్యా" అంది.

పనివాళ్లవైపు చేయి చాపింది.

"నాకేం లే. రేపోమాపో పోయేదాన్ని. అదిగో, ఆ ఉలులు సానబట్టే రేవకి పాలు లేవు. చంటిదానికి తడిగుడ్డ చీకిస్తోంది. సామి అటు చూత్తే బాగుండు."

చిత్రబాహువు ఇంటికి పోయి దర్భలమీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. కనుపాపను ఒక యవ కిందికి దించాలి. యవ అంటే బార్లీగింజంత, కానీ ఆ మూర్తి కొలతలో అది బొటనవేలి వెడల్పు. కొత్త గుర్తు పెడితే భటులు చూస్తారు. గుర్తు లేని చోట అద్దంలో చూసి చెక్కడం ఎవరివల్లా కాదు. ఎదురుగానే చూడాలి. చేయి పోతుంది, కళ్లూ పోతాయి. లేచి ఉలిని సానపట్టాడు.

తెల్లవారింది. వేదఘోష మధ్య, మంగళవాద్యాల మధ్య, స్నానం చేసి ధౌతవస్త్రం కట్టిన స్థపతి పరంజా ఎక్కాడు. ఏడో అంతస్తులో రాజు కిరీటధారియై నిలిచాడు. పాదాల దగ్గర జనం ఖాళీ కడవలతో నిలిచారు. స్థపతి అద్దాన్ని మెల్లగా పరంజా పలకమీద బోర్లా పెట్టి, "తండ్రీ, తప్పు నాది, దిద్దుకోనీ" అని, దేవుడి ముఖంలోకి తిన్నగా చూస్తూ జేగురు గీతకు ఒక యవ కిందుగా ఉలి ఆన్చాడు. కుడికన్ను అయింది. చూపు మసకబారింది. ఆ మసకలోనే ఎడమకన్నూ చెక్కాడు. చివరి పెచ్చు రాలేసరికి ఆయనకు లోకం లేదు.

కొండ ఊపిరి తీసినట్టు కదిలింది. శిలానేత్రాలనుంచి చల్లని వెలుగు జారి, చంటిబిడ్డనెత్తుకున్న రేవమీద, పోలమ మీద, కడవలమీద పడింది. పడమటి సముద్రంనుంచి లేచిన మబ్బులు నగరం మీదికి వచ్చి కురిశాయి.

రాజు కత్తి దూసి మెట్లు దిగాడు. ఏడంతస్తులు దిగేసరికి మోకాలి లోతు నీళ్లు. అరచేతులతో, మూకుళ్లతో, కొంగులతో తాగుతున్న తన జనం మధ్య నిలబడి, కోపంగా తల ఎత్తాడు. దేవుడు తననే చూస్తున్నాడు. రెండడుగులు పక్కకు జరిగాడు. అక్కడా తననే చూస్తున్నాడు. తన పక్కనున్న బెస్తవాణ్ణీ చూస్తున్నాడు. రాజు కత్తి ఒరలో పెట్టి, దోసిలి పట్టి కడుపునిండా తాగాడు.

ఈలోగా పనివాళ్లు స్థపతిని చేతులమీద దించారు. రాజు ఎదురువెళ్లగా, నీళ్లలో అడుగుల చప్పుడు గుర్తుపట్టి స్థపతి కుడిచేయి ముందుకు చాచాడు. మణికేతనుడు ఆ చేతిని కళ్లకద్దుకుని, "ఆచార్యా, నా దాహం ఇంత చిన్నదని నాకు తెలియదు" అన్నాడు.

అప్పుడు మేఘగంభీరమైన స్వరంతో వరుణదేవుడు పలికాడు. "శిల్పీ, నా కన్ను తెరిచి నీ కన్ను మూసుకున్నావు. వరం కోరుకో. నూరేళ్ల ఆయువా, స్వర్గవాసమా?"

ముసలివాడు చేతులు జోడించి, "కిందినుంచి ఒక్కసారి చూడాలి స్వామీ. సరిగా కుదిరిందో లేదో" అన్నాడు.

"తథాస్తు" అన్నాడు జలాధిపతి.

చిత్రబాహువుకు చూపు వచ్చింది. మళ్లీ పోలేదు. వానలో తడుస్తూ తల ఎత్తి, కుడికన్ను, ఎడమకన్ను, రెప్పల గీతలు కొలిచి చూసుకున్నాడు. పోలమ నిండు కడవ చంకనెత్తుకుని వచ్చి పక్కన నిలబడింది.

"వంగాడా?" అని అడిగాడాయన.

"వంగాడయ్యా" అంది పోలమ.

ఆ తరువాత మణికేతనుడు పొరుగురాజుల మీదికి దండెత్తక, చెరువులు తవ్వించి, చిరకాలం ధర్మంగా ఏలాడు. స్థపతులు పెద్దమూర్తికి గుర్తు పెట్టే ముందు కిందికి దిగి, నీళ్లు మోసేవారి పక్కన నిలబడి చూసుకోవడం ఆనాటినుంచి ఆచారమైంది. ఈ కథను భక్తితో విన్నవారి వాకిట దాహమని వచ్చినవాడు వట్టి గొంతుతో తిరిగిపోకుండు గాక.