దోసెడు మిరియాల రుచి

కోటవాకిట సుంకం వసూలు చేసే భీమేశానికి ఒక అలవాటు ఉండేది. లోపలికెళ్లే ప్రతి సరుకులోనూ రుచి చూడాలంటూ దోసెడు తీసి సంచిలో పోసుకునేవాడు. కొండ దిగి మిరియాలమ్మే సింగమ్మకున్నదే చిన్న బుట్ట. అందులో దోసెడు పోతే ఆమెకింకేం మిగులుతుంది?

ఆ రోజు ఆయన దోసిలి నింపుకోగానే సింగమ్మ అక్కడే చతికిలబడింది.

"కదలవేమే?"

"రుచెలా ఉందో చెబితే కదులుతాను బాబూ. రేపెవరైనా ఘాటు లేదంటే తమరే నాకు సాక్ష్యం."

వెనక బళ్లవాళ్లు పోగయ్యారు. "అవునయ్యా, నమిలి చెప్పండి, మేమూ కొంటాం," అన్నాడొకడు.

భీమేశం తప్పక దోసిట్లోంచి ఒక్క గింజ నాలికతో అందుకుని కొరికాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దివ్యంగా ఉంది. ఇక పో."

"ఒక్క గింజకే తెలిసిపోయిందా బాబూ? అయితే మిగతావి ఇందులో పోసెయ్యండి," అంటూ సింగమ్మ బుట్ట ముందుకు జరిపింది. "ఇంకా తెలియలేదంటారా, అన్నీ నమలండి. నాకేం తొందర లేదు."

దోసిలి బుట్టలోకి వంగింది.