ముక్కెరకొండకు ఆ పేరు వచ్చిన విధం

పూర్వం పినాకినీ నదికి దక్షిణాన నెమలిదుర్గమనే చిన్న సంస్థానాన్ని తిమ్మోబళ నాయకుడనే పాళెగాడు పరిపాలిస్తూ ఉండేవాడు. ఆయన శూరుడు, దాత, దైవభక్తి గలవాడు. అయితే ఒకసారి నోటినుంచి మాట వెలువడితే దానిని వెనక్కు తీసుకోవడం ఎరుగనివాడు. ఆయన ధర్మపత్ని రాచమాంబ ప్రసవవేదనతో మూడు దినాలు మృత్యుముఖంలో ఉన్న సమయంలో, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే తమ ఇలవేల్పు అయిన నరసింహస్వామికి బంగారు కిరీటం చేయిస్తానని ఆయన తడిబట్టలతో మొక్కుకున్నాడు. స్వామి కరుణించాడు, తల్లీబిడ్డా బతికి బట్టకట్టారు. కిరీటం మాత్రం మొక్కుగానే మిగిలింది. వానలపై ఆధారపడిన ఆ మెట్ట సీమలో కిరీటానికి చాలిన బంగారం ఎక్కడినుంచి తేవాలన్న చింత నాయకుణ్ణి నిత్యమూ పీడిస్తూ ఉండేది.

దుర్గానికి రెండామడల దూరంలో కరిగుట్ట అనే కొండ ఉండేది. అక్కడి రాయి ఆకుపచ్చ కలిసిన నలుపు. వర్షానికి తడిసినప్పుడు ఆ కొండ నీళ్లాడి లేచిన ఏనుగువలె మెరిసేదనీ, అందువల్లనే దానికి ఆ పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. కొండ అమ్మవారిదని చుట్టుపట్ల అందరి విశ్వాసమే గాని, అప్పటికి అక్కడ గుడి లేదు, విగ్రహమూ లేదు. కొండమీదినుంచి దిగే వంక ఒడ్డున జలగడుగువారి గుడిసెలు పది ఉండేవి. వంకల ఇసుకను కొయ్యపళ్లేలలో వేసి, నీటితో తిప్పి తిప్పి, మట్టినీ ఇసుకనూ వదిలించి, అడుగున మిగిలే పసిడి రజనును ఏరుకొని బతకడం వారి కులవృత్తి. వారిలో సుంకులక్క అనే ఇల్లాలు హస్తవాసి గలదని పేరు పొందింది. నెల పొడుగునా కడిగితే ఆమెకు దొరికేది గురివింద గింజలు రెండు మూడింటి ఎత్తు బంగారం. దానితోనే ఆమె, ఆమె భర్త బయన్న తృప్తిగా కాలం గడుపుతూ వచ్చారు.

ఒక సంవత్సరం కార్తికమాసపు వానలు పడి వంక పారి, నీరు తీసిన తరువాత సుంకులక్క పళ్లెంలో గోరంత తెల్లని పలుగురాయి మిగిలింది. దాని పగులులో ఆవగింజంత బంగారం అంటుకొని ఉంది. ఆమె దానిని కొంగున ముడివేసుకొని దుర్గానికి నడిచి, నాయకుని కొలువులో బంగారానికి వన్నె కట్టే గురునాథాచారికి చూపింది. ఆచారి ఏభై ఏళ్లు దాటినవాడు. లోహాల గుణదోషాలు తెలిసినవాడు. గీటురాయిమీద గీసిన బంగారం ఏ కొండలో పుట్టిందో ఒక్కసారైనా కళ్లారా చూడాలన్న కోరిక యౌవనంనుంచీ మనసులో దాచుకున్నవాడు. ఆయన ఆ రాతిముక్కను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

"సుంకులక్కా, ఇసుకలో దొర్లి దొర్లి వచ్చిన బంగారానికి అంచులు అరిగి నున్నబడతాయి. దీని అంచు చూడు, ముల్లులాగా ఉంది. అంటే ఇది ఎంతో దూరంనుంచి రాలేదు. దీని పుట్టిల్లు దగ్గరలోనే ఉంది."

"యాడుంటే ఏముంది సామీ, మాకు వంక తెచ్చింది చాలు."

"నాకు చాలదమ్మా. ఒక్కసారి చూపించు, నీకు పుణ్యముంటుంది."

ఆ ముసలిమనిషి ప్రాధేయపడుతూ ఉంటే ఆమె కాదనలేకపోయింది. మరునాటినుంచి ఇద్దరూ వంక వెంబడి ఎగువకు నడిచారు. పాయలు కలిసిన ప్రతిచోటా రెండు పాయల ఇసుకా కడిగేవారు. రజను కనిపించిన పాయను పట్టుకొని, కనిపించని దానిని విడిచిపెట్టేవారు. తొమ్మిదవ దినాన కొండ నడుమన ఒక గండి దాటిన తరువాత సుంకులక్క మూడుమార్లు కడిగి, పళ్లెం బోర్లించి, "ఇంగ లేదు సామీ, వొట్టి నల్లిసుకే" అంది.

ఆచారి ముఖం వికసించింది. "లేకపోవడమే కావాలమ్మా! ఇక్కడికి పైన లేదు, దిగువన ఉంది. కాబట్టి ఈ గండిలోనే ఉంది" అని మోకాళ్లమీద కూర్చుని బోదగడ్డి పెరకసాగాడు. గడ్డి కింద, నల్లరాతి నడుమన, మూరెడు వెడల్పున తెల్లని పలుగురాతి చారిక బయటపడింది. దాని రెండు అంచులా తుప్పురంగు మట్టి. ఆ మట్టిలో, రాతి పగుళ్లలో, ఉదయపు ఎండకు పసిడి చుక్కలు మిణుకుమన్నాయి. గురునాథాచారి రెండు చేతులూ జోడించి పసివానివలె ఏడ్చాడు.

"సూస్తిరి కదా సామీ, ఇంగ గడ్డి కప్పేసి పోదాం. కొండ అమ్మది" అని సుంకులక్క బతిమాలింది. కాని జీవితకాలమంతా వెదికినది దొరికిన మనిషికి నోరు కట్టుకోవడం సాధ్యం కాలేదు. ఆయన ఆ సాయంకాలమే నాయకుని సన్నిధికి పోయి ఉన్నదున్నట్టు విన్నవించాడు. లోపల ఎంత ఉందో తవ్వితే గాని తెలియదని కూడా చెప్పాడు. అయితే కిరీటపు చింతలో ఉన్న నాయకునికి ఆ చివరి మాట చెవిన పడలేదు. ఇది నరసింహుడు చూపిన దారియే అని ఆయన నిశ్చయించుకొని, పదకొండు పల్లెలనుంచి ఇన్నూరుమందిని కొండకు రప్పించి, పనిమీద ఆచారిని అధికారిగా నియమించాడు.

రాతి ముఖాన కట్టెలు పేర్చి నిప్పుపెట్టేవారు; రాయి ఎర్రగా కాలిన తరువాత నీళ్లు చల్లితే అది పెళపెళ పగిలేది; పగిలిన రాతిని తట్టలతో పైకి మోసి, బండల్లో తొలిచిన రోళ్లలో స్త్రీలు దంచేవారు; ఆ పిండిని సుంకులక్క, ఆమె బంధువులు కడిగేవారు. మొదటి నెలలో ఉసిరికాయంత బంగారం చేరింది. మూడు నిలువుల లోతుకు పోయేసరికి మూరెడు చారిక జానెడయింది. అయిదు నిలువులకు రెండు వేళ్లంత. ఆరవ నిలువుకు నూలుపోగంత. ఒకనాడు అడుగున పసుపుపచ్చని పలకలు తళతళ మెరుస్తూ బయటపడితే కావలివారు కేరింతలు కొట్టారు. ఆచారి వాటిని నిప్పుల్లో వేశాడు. గంధకపు వాసనతో పొగ లేచి నల్లని మసి మిగిలింది. అది మాక్షికమనీ, రంగే తప్ప పసిడి కాదనీ ఆయన చెప్పవలసి వచ్చింది. చారిక సన్నబడిన తీరు చూసిన ఆయనకు కొండలో ఉన్నదెంతో అర్థమైపోయింది. కాని ఆ మాట నాయకునితో చెబితే బంగారం దాచుకుంటున్నాడని శంకిస్తాడేమోనని భయపడి మౌనం వహించాడు.

ఇంతలో మృగశిర కార్తె ప్రవేశించింది. మంచి వాన కురిసి నేల పదునెక్కింది. కొర్ర, జొన్న విత్తవలసిన చేతులన్నీ గోతిలో ఉన్నాయి. గోతి అడుగున పనిచేసే బయన్న ఇంటికి వచ్చి, "రాయి మాట్లాడతాండాది సుంకులా, తడికి లోపల్లోపల చిటచిటమంటాంది" అని భార్యతో అన్నాడు. తెల్లవారగానే సుంకులక్క ఆచారి ఎదుట నిలబడింది.

"మీరు సూపించమంటేనే సూపిస్తిని సామీ. లోపల ఇంగ ఏమన్నా ఉందా?"

ఆచారి తలవంచుకొని, "లేదమ్మా" అన్నాడు.

"మరి ఆ మాట నాకు చెప్తే ఏం లాబం? చెప్పాల్సినోళ్లకు చెప్పండి. పదునారిపోతే పదకొండు పల్లెలు ఏం తినాల? గొయ్యి కూలితే మా ఆయన్ని నాకెవరు తెచ్చిస్తారు?"

ఆ మాటలు ఆచారి హృదయాన్ని కోశాయి. ఆయన ఒక్కొక్క లోతునుంచి తీసిన రాళ్లను వరుసగా మూటగట్టుకొని దుర్గానికి పోయి, నాయకుని పాదపీఠం ముందు వెడల్పాటి ముక్కనుంచి నూలుపోగంత ముక్కదాకా పేర్చి, "దొరా, కొండలో ఉన్నది ఇంతే. కిందికి పోయేకొద్దీ ప్రాణాలు పోతాయి గాని పసిడి రాదు" అని విన్నవించాడు.

నాయకుని కన్నులు ఎర్రబడ్డాయి. "ఉందని చెప్పినవాడివి నువ్వే కదా, ఆచారీ?"

"నేనే దొరా. దొరికిననాడు ఆనందంతో నోరు ఆగలేదు. నెల్లాళ్లుగా భయంతో నోరు పెగల్లేదు. రెండూ నా తప్పులే. ఇక దాచను."

"రేపు నేనే వస్తాను. గోతిలోనివాళ్లందరినీ పైకి పిలిపించు. వాళ్ల ఎదుట, నా ఎదుట, అడుగురాయి కడిగించు. నీ మాట అబద్ధమైతే నీ నాలుక నీది కాదు" అని నాయకుడు లేచిపోయాడు.

మరునాడు ప్రాతఃకాలాన నాయకుడు పరివారంతో కొండకు వేంచేశాడు. ఇన్నూరుమందీ గోతినుంచి పైకి వచ్చి బారులు తీరారు. సుంకులక్క స్నానం చేసి, తడిచీరతోనే వంకలో దిగి, అడుగురాతి పిండిని పళ్లెంలో పోసి కడగనారంభించింది. తెల్లని పిండి పోయింది, నల్లిసుక పోయింది, చిట్టచివరకు పళ్లెం అంచున నెలవంక ఆకారంలో సన్నని పసిడి గీత మిగిలింది. ఆమె పళ్లేన్ని రెండు చేతులతో నాయకునికి చూపింది.

"ఇన్నూరుమంది శ్రమకు ఇదా ఫలం?" అని నాయకుడు గర్జించాడు. "నా మొక్కు వృథా కాకూడదు. దిగండి! మరి రెండు నిలువులు తవ్వండి!"

బయన్న మొదటివాడు గోతివైపు ఒక్క అడుగు వేశాడు. అప్పుడు సుంకులక్క పళ్లెం పట్టుకునే అడ్డంగా వచ్చి నిలిచింది.

"దొరా, కిరీటం మొక్కింది మీరు. మీ సామికి మీరే పెట్టుకోండి. ఈ కొండ మా అమ్మది. ఆమె ఒంటిమీది సొమ్మంతా ఊడబెరుక్కుంటిమి. మిగిలింది ఇంత. ఇది ఆమె ముక్కెరకు సరిపోతాది. ఇదైనా ఆమెకు ఉండనీండి."

ఆ మాట ముగిసీ ముగియకముందే భూమి కంపించింది. లోపలినుంచి మేఘగర్జనవంటి శబ్దం లేచి, గోతి నాలుగు గోడలూ ఒక్కసారిగా లోనికి విరిగిపడ్డాయి. నీళ్లు ఉబికి, సుళ్లు తిరుగుతూ సగం గోతిదాకా నిండాయి. ధూళి అణగిన తరువాత చూస్తే, అంతవరకు ఎవరూ చూసి ఎరుగని తెల్లని పలుగురాతి శిల ఒకటి, నడుమెత్తున, గోతి ఒడ్డున తూర్పుముఖంగా నిలిచి ఉంది. దానికి స్త్రీముఖాన నాసికవలె కొనదేరిన చిన్న మొన ఉంది.

ఇన్నూరుమందిలో ఒక్కరికీ గోరు ఊడలేదు. నాయకుడు ఒకరొకరి ముఖమే చూస్తూ బారు చివరిదాకా నడిచి వెళ్లి, తాను పైకి పిలవకపోయి ఉంటే వీరందరూ ఏమై ఉండేవారో తలచుకొని, నిలువునా కూలబడ్డాడు. "అమ్మా, నా కోపంతోనే నీ బిడ్డలను కాచుకున్నావు" అని శిలముందు సాగిలపడ్డాడు. సుంకులక్క తేనెమైనం పిసికి శిల నాసికకు అద్ది, దానిమీద ఆ పసిడి రజనును నెలవంకగా అతికింది. ఉదయసూర్యుని వెలుగు ఆ ముక్కెరమీద పడగానే ఇన్నూరు కంఠాలూ ఏకమై అమ్మకు జేజేలు పలికాయి. బయన్న మాత్రం భార్య తడికొంగు పట్టుకొని నిలబడిపోయాడట.

నాయకుడు అక్కడికక్కడే అందరినీ పొలాలకు పంపివేశాడు. ఆరుద్ర కార్తెలో మరల వాన కురిసింది. ఆలస్యంగా విత్తినా ఆ ఏడు కొర్ర గాదెలు నింపింది. నాయకుడు తన భుజకీర్తులు, మొలకత్తి పిడి కరిగించి, కొండలో అంతకుముందు దొరికినది కలిపి, స్వామికి చిన్న కిరీటం చేయించాడు. కొలతకు చిన్నదైనా ఆ కిరీటం చూసి రాచమాంబ, "ఇప్పుడు మీ మొక్కు మీరు తీర్చారు" అని సంతోషించిందట. గురునాథాచారి దుర్గం విడిచి వంక ఒడ్డునే కుటీరం కట్టుకొని, సుంకులక్కవారి పిల్లలకు రాళ్ల గుణాలు చెబుతూ చివరిదాకా నిశ్చింతగా జీవించాడు.

ఆనాటినుంచి కరిగుట్ట ముక్కెరకొండ అయింది. శిలారూపిణి ముక్కెరమ్మ అయింది. తరువాతి కాలంలో తెల్లదొరలు కొందరు వచ్చి పాత గోతి పక్కన మరొక గొయ్యి తవ్వించి, రెండేళ్లకు సామాను కట్టుకొని వెళ్లారు. మన కాలంలో భూగర్భ పరిశోధకులు యంత్రంతో నాలుగుచోట్ల సన్నని రంధ్రాలు వేసి, కొండ లోపలి రాతిని కడ్డీలవలె బయటకు తీశారు. ఆ బృందానికి పెద్ద అయిన వకుళ అనే అమ్మాయి వెళ్లేముందు అమ్మవారి దర్శనానికి వస్తే, సుంకులక్క వంశంలో పుట్టి పూజ చేస్తున్న లింగక్క, "ఎంతుందంట తల్లీ?" అని అడిగింది.

"ఉంది అవ్వా, దారమంత. అదీ కిందికి పోయేకొద్దీ లేదు."

"మమ్మల్ని అడిగింటే చెప్పేవాళ్లం కదమ్మా."

"మీరు చెప్పినా తవ్వి చూడాల్సిందే అవ్వా, మా పని అది" అని ఆ అమ్మాయి నవ్వి, నల్లరాతి నడుమ తెల్లని చారిక ఉన్న కడ్డీ ఒకటి అమ్మవారి పక్కన ఉంచి నమస్కరించింది. నేటికీ లింగక్క దానికి కూడా పసుపు రాసి కుంకుమ పెడుతుంది.

ముక్కెరమ్మ గుడికి చుట్టూ గోడలున్నాయి గాని పైకప్పు లేదు. ఏటేటా తొలకరి తరువాత వచ్చే మొదటి సోమవారం స్త్రీలందరూ వంకలో దిగి ఇసుక కడిగి, దొరికిన రజనును ఒక్కచోట చేర్చి, తేనెమైనంతో అమ్మవారి ముక్కున నెలవంకగా అతుకుతారు. వేసవి ఎండలకు ఆ మైనం కొంచెం కొంచెంగా కరుగుతుంది. మళ్లీ తొలకరి కురిసి శిలను కడుగుతుంది. గుడిలోని నీరు తూము వెంట వంకలోకి పారుతుంది. అటుపిమ్మట సోమవారంనాడు పళ్లెం అంచున మళ్లీ పసిడి గీత కనిపిస్తుంది. అది కొండ కొత్తగా ఇచ్చినదో, అమ్మ నిరుడు పెట్టుకున్నదో ఆ ఊళ్లో ఎవరూ అడగరు.