పల్లకీ కింద ఇంగ్లీషు

ఇంగ్లీషు దొరలను మోసి మోసి నాలుగు ముక్కలు వంటబట్టించుకున్న బోయీ దాలయ్య, జమీందారు పల్లకీ ఏటి ఒడ్డుకు చేరగానే ఉషారుగా, "అ రివర్, బాబూ!" అన్నాడు.

పక్కనే గొడుగేసుకుని నడుస్తున్న ఇంగ్లీషు పంతులు భానుమూర్తి మండిపడ్డాడు. "అప్రాచ్యుడా! 'ఏ రివర్' అనాలి! వీణ్ని కొలువులో ఉంచితే తమ నాలుకా చెడుతుంది, ప్రభూ!"

జమీందారు అక్కడికక్కడే దాలయ్యను కొలువులోంచి తీసేశారు.

"చిత్తం" అని దాలయ్య భుజం తప్పించాడు. పల్లకీ ఒరిగింది. "మిగిలిన ముగ్గురితో లేవదు బాబూ. నాలుగో భుజం ఇక పంతులుగారిదే."

చుట్టూ ఇసుకే, మోయడానికి ఇంకో మనిషి లేడు. పంతులు మోయక తప్పలేదు. ఏరు దాటి గట్టెక్కేసరికి నాలుక పిడచకట్టింది.

"అ గ్లాస్... అ గ్లాస్ ఆఫ్ వాటర్!"

జమీందారు తల బయటపెట్టారు. "పంతులూ, 'ఏ' ఏమైందయ్యా?"

వెనకే ఏరు దాటొచ్చిన దాలయ్య ముంతతో నీళ్లందించాడు. "ఆయన తప్పు కాదు బాబూ. 'ఏ' కూర్చున్నోళ్ల పలుకు. మోసేవాడికి 'అ' అనేపాటి ఊపిరే మిగులుద్ది."

దాలయ్య కొలువు దాలయ్యకొచ్చింది. పంతులు మాత్రం ఆ తర్వాత 'ఏ' అనబోయినప్పుడల్లా భుజం తడుముకునేవాడు.