గోడ దాటిన మందారం

ఈరన్నస్వామి మఠంలో ఒక కట్టుబాటు ఉంది. శిష్యుడు తాను నాటిన మొక్క తొలిపువ్వు తెచ్చి స్వామి చేతిలో పెడితేనే చెవిలో ఉపదేశం. సోమలింగం తర్వాత చేరినవాళ్లు కూడా పువ్వులిచ్చి ఉపదేశం పుచ్చుకున్నారు. సోమలింగం మందారం మాత్రం పొట్టి గోడ మీదుగా ఒరిగి, మొగ్గలన్నీ వీధిలోకి చాపింది. వీధిలో తిరుమలక్క మేక ఉంది.

"మా మేకకు ఉపదేశం ఎప్పుడో అయిపోయింది నాయనా. నీదే ఆలస్యం," అనేది తిరుమలక్క.

ఆ ఊళ్లో వానలకే కరువు, సలహాలకు కాదు. గుంజ పాతమన్నారు, పాతాడు. తాడు కట్టమన్నారు, కట్టాడు. దిష్టి తీయమన్న పెద్దమనిషి తన ఇంటి గోడ ఒరిగినప్పుడు మాత్రం మేస్త్రీని పిలిచాడు. మందారం గుంజనూ తాడునూ వెంటబెట్టుకుని వీధివైపే వంగింది.

సోమలింగం స్వామి ముందు కూలబడ్డాడు. స్వామి కొబ్బరాకుల పందిరి కింద ఉన్నాడు. గురువుకు ఎండ తగలకూడదని సోమలింగం వేసిన పందిరే అది. వేసింది తానేనని ఊళ్లో ఒక్కరినీ వదలకుండా చెప్పాడు. పందిరి అంచు మందారం నెత్తిని కమ్మేసి ఉంది.

"ఇంత సేవ చేస్తున్నాను స్వామీ. దానికి నామీద ఎందుకింత పగ?"

స్వామి మొక్కను చూశాడు, పైకి చూశాడు. లేచి పందిరి ఆకులన్నీ లాగి కింద పడేశాడు. పీట అక్కడే వేసుకుని ఎండలో కూర్చున్నాడు.

"అయ్యో, మాడిపోతారు స్వామీ!"

"నాకు కావాలంటే నీడకు నడిచిపోతాను. అది ఎండకు నడవలేదు కదరా."

సోమలింగం లేచి తాడు విప్పాడు. వీధిలోకి పోయిన కొమ్మ కత్తిరించాడు.

"వడియాల్లా స్వామిని ఎండబెట్టాడమ్మా!" అంది తిరుమలక్క. ఊరంతా ఆ మాటే తిప్పి తిప్పి వాడుకుంది.

కత్తిరించిన చోట కొత్త చిగుళ్లు పుట్టి నిటారుగా లేచాయి. ఒక పొద్దున గోడకు ఇవతల, పిడికిలంత ఎర్రటి ముద్దమందారం విచ్చింది. మేక ముంగాళ్లు గోడమీద వేసి, మెడ ఎంత చాచినా అందక అరిచింది. ఆ అరుపుకు ఊరు పోగైంది.

సోమలింగం పువ్వు కోసి, అందరి మధ్య నుంచి తలెత్తి నడిచి స్వామి చేతిలో పెట్టాడు. స్వామి అతని చెవి దగ్గరికి వంగాడు.

"ఏం చెప్పాడు? ఏం చెప్పాడురా?" తిరుమలక్క గోడ ఎక్కినంత పని చేసింది.

పందిరి సంగతి ఊరంతా చాటిన సోమలింగం చిన్నగా నవ్వి, బిందె తీసుకుని మందారానికి నీళ్లు పోయడానికి వెళ్లాడు.

ఆ పూట ఊళ్లో ఎవరికీ అన్నం సయించలేదు.