నక్క మాస్టారి నీటిరంగుల పాఠం

కాలువ పక్కన జామతోట. తోటలో ఒక పశువుల పాక. ఆ పాకలో కోటమ్మ అనే మేక, మాణిక్యం అనే చుక్కల కోడిపెట్ట ఉండేవి. కాపలాకి భద్రుడనే కుక్క.

తోట యజమాని కూతురు సెలవులకి వచ్చి, బొమ్మలు వేయడం నేర్చుకుందామని నీటిరంగుల పెట్టె, కుంచె, కాగితాలు కొనుక్కుంది. మొదటిరోజే ఆకాశం వేయబోతే బురద వచ్చింది. తన ప్రతిభకి తగ్గ రంగులు ఇంకా తయారు కాలేదని తేల్చుకుని, సామానంతా పాక అరుగు మీద వదిలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు మాణిక్యం కుంచె ముక్కున పట్టుకుని ఒక జామచెట్టు వేసింది. కోటమ్మ వచ్చి కాసేపు చూసింది.

"బాగుంది వదినా. గొడుగేనా?"

"చెట్టు."

"అవునా. మరి ఆకులు కాండం మీదకి కారిపోతున్నాయేం?"

"నీటిరంగులంటే అలాగే ఉంటుంది. నీకు తెలీదులే," అంది మాణిక్యం. తనకీ తెలీదు. ఆ మాట మాత్రం బయటికి అనలేదు.

కంచె అవతల తుప్పల్లో పానకాలు అనే నక్క ఇదంతా వింటోంది. భద్రుడి భయంతో చాలాకాలంగా ఆ కంచె దాటలేక, లోపలి కోడి వాసన పీల్చి కడుపు నింపుకుంటున్న జీవి. గొంతు సవరించుకుని కంచె దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఆ చెట్టు ఎవరు వేశారు?"

"నేనే," అంది మాణిక్యం ఒకడుగు వెనక్కి వేసి.

"చెట్టని ఎంత స్పష్టంగా తెలుస్తోందో. నేను అడవిలో ఎందరికో నీటిరంగులు నేర్పాను. ఇలాంటి చెయ్యి... క్షమించాలి, ఇలాంటి ముక్కు నేనింతవరకూ చూడలేదు."

మాణిక్యం వెనక్కి వేసిన అడుగు ముందుకి వేసింది.

"మాస్టారూ, మరి రంగులు కారిపోతున్నాయేం?"

పానకాలు జన్మలో కుంచె ముట్టుకున్నది లేదు. కానీ పాఠం చెప్పడానికి అదేం అడ్డం కాలేదు.

"తొందర, అమ్మా. ఒక పూత ఆరకుండా రెండోది వేస్తున్నావు. ముందు లేతరంగు, తర్వాత ముదురు. వెలుగున్నచోట కాగితాన్ని తెల్లగా వదిలెయ్యాలి. ఆరేదాకా కదలకూడదు, మెదలకూడదు, వెనక్కి చూడకూడదు. కళంతా నిశ్చలత్వంలో ఉంది."

ఆశ్చర్యమేమిటంటే, ఆ పాఠంలో సగం నిజమే. మాణిక్యం చెప్పినట్టే వేసింది. ఈసారి ఆకులు ఆకుల్లా నిలిచాయి. దాంతో నక్క ఏం చెప్పినా అది వేదమైపోయింది.

"కాకపోతే పాకలో వెలుగు చాలదు," అంది పానకాలు మెల్లగా. "నీళ్ళు కూడా మురికిగా ఉన్నాయి. గిన్నెలో నీళ్ళు అద్దంలా ఉంటే తప్ప రంగు పలకదు. రేపు మధ్యాహ్నం కాలువ గట్టుకి రా. మంచి నీళ్ళు, మంచి వెలుగు, మంచి గురువు."

మధ్యాహ్నం భద్రుడు అన్నం తిని నిద్రపోయే వేళ. అది నక్కకి తెలుసు.

"వదినా, ఆయన నక్క," అంది కోటమ్మ ఆ సంగతి విని.

"కళాకారులకి కులమేమిటి?"

"కులం సంగతి కాదు. భోజనం సంగతి."

"నీకు గొడుగుకీ చెట్టుకీ తేడా తెలీదు. నాకు సలహాలా?"

మర్నాడు మధ్యాహ్నం మాణిక్యం కంచె సందులోంచి సామాను ఒక్కొక్కటీ లాక్కుని గట్టెక్కింది. పానకాలు గిన్నెడు తేట నీళ్ళు స్వయంగా తెచ్చి పెట్టింది. కాలువ బొమ్మ వేయమని చెప్పి, పాఠం మరోసారి గుర్తుచేసి, ఆ తర్వాత చడీచప్పుడు లేకుండా వెనక్కి తప్పుకుంది.

మాణిక్యం మొదటి పూత వేసింది. కుంచె కడుగుదామని గిన్నె మీదకి వంగింది. గిన్నెలో నీలాకాశం, ఒక తెల్ల మబ్బు, తన ముఖం. తన ముఖానికి పైన, బార్లా తెరిచిన మాస్టారి నోరు.

అరిస్తే అక్కడితో సరి, పరిగెత్తినా అంతే. కుంచె నెమ్మదిగా కింద పెట్టింది. వెనక్కి తిరగలేదు.

"మాస్టారూ, గిన్నెలో మీరు కనిపిస్తున్నారు. ఆ భంగిమ అలాగే ఉంచండి. నోరు మూయకండి."

పానకాలు ఆగిపోయింది.

"ఏ... ఏ భంగిమ?"

"ఆ గాంభీర్యం, ఆ పళ్ళ మెరుపు. కాలువని ఎవరైనా వేస్తారు. గురువు బొమ్మ వేసే అదృష్టం ఎందరికి వస్తుంది? రేపటినుంచి అడవంతా ఆ బొమ్మ చూసి దణ్ణం పెట్టుకుంటుంది."

పానకాలు ఆలోచించింది. కోడి ఎక్కడికీ పోదు, పావుగంట తర్వాతా తినొచ్చు. బొమ్మ అంటే పదికాలాలు ఉంటుంది. ఛాతీ విరిచి, తోక పైకెత్తి, నోరు ఇంకాస్త తెరిచింది.

మాణిక్యం నక్క వైపు తిరిగి, కుంచె మళ్ళీ అందుకుని నాలుగు గీతలు గీసింది.

"అద్భుతం. నాలుకకి మాత్రం మంచి ఎరుపు కావాలి. ఆ రంగుబిళ్ళ పాకలో మర్చిపోయాను. చిటికెలో తెస్తాను. చెవులు కాస్త నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకోండి, ధ్యానంలో ఉన్నట్టు వస్తుంది. కదిలితే పూత పాడైపోతుంది, మీకు నేను చెప్పాలా."

"ఆ," అంది పానకాలు తెరిచిన నోటితో.

మాణిక్యం కంచె సందు దాకా మెల్లగా నడిచింది. సందు దాటాక మాత్రం నడవలేదు. ఆమె వచ్చి మీద పడితే భద్రుడికి మెలకువ వచ్చింది.

గట్టు మీద రెండు ఈగలు మాస్టారి నోట్లోకి వెళ్ళి, తీరిగ్గా చూసి బయటికొచ్చాయి. కళ కోసం అది కూడా భరించింది పానకాలు. కాసేపటికి దగ్గర్లో అడుగుల చప్పుడైంది.

"వచ్చావా అమ్మా," అంది కళ్ళు తెరవకుండానే. "నాలుక సరిగ్గా కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది," అన్నాడు భద్రుడు. "పళ్ళు కూడా."

ఆ తర్వాత పానకాలు కాలువని ఎలా దాటిందో దానికే తెలీదు. అవతలి గట్టెక్కాక వెనక్కి తిరిగి చూసుకుంటే, తోకలోని బొచ్చు కుంచెకి పనికొచ్చేంత భద్రుడి నోట్లో ఉండిపోయింది.

నీతి: పొగడ్తతో వల పన్నేవాడికి, ఆ పొగడ్త మీదే అందరికంటే ఎక్కువ ఆకలి.