వెండి గిన్నెలో మందారం

వేములకోట రాజు కొండలరాయుడికి కోరికలన్నీ తలంటుకునేటప్పుడే పుడతాయి. ఆషాఢంలో ఒకనాడు తడి జుట్టుతోనే కొలువుకొచ్చి, కోటలో ఉన్న ఒకే ఒక్క పసుపు ముద్దమందారం దసరా నాటికి అమ్మవారి గుడి చుట్టూ పూయాలన్నాడు.

గింజ కట్టని చెట్టది. కొమ్మ నాటి బతికించుకోవలసిందే. పూలతోట చూసే చెంగమ్మ సరేనంది. వాళ్ళమ్మా, అమ్మమ్మా కూడా ఆ తోటలోనే అమ్మవారికి పూలు కోసినవాళ్ళు.

ఆస్థానంలో పేరుభట్టని ఒకాయన ఉన్నాడు. ఆయన తాతగారు మహాపండితుడు. ఆ పుణ్యాన ఈయనకు కొలువూ, శాలువలూ, విస్తట్లో మారు నెయ్యీ దక్కుతున్నాయి. మట్టి పిసికేదానికి శాస్త్రమేం తెలుసన్నాడాయన. తన కొమ్మలు మంత్రబలంతో మూడు వారాల్లో చిగురిస్తాయనీ, ఓడినవాళ్ళు కొలువు వదిలిపోవాలనీ పందెం కాశాడు. రాజుగారికి భలే నచ్చింది. పోయేది ఆయన కొలువు కాదు కదా.

చెంగమ్మ కొమ్మల్ని కణుపు కింద ఏటవాలుగా కోసి, ఆకులు దూసి, అడుగున చిల్లి పడ్డ పాతకుండల్లో ఇసుకమట్టి పోసి గుచ్చింది. నీడన పెట్టి, "తల్లీ, నీ పూలు నువ్వే చూసుకో" అని దణ్ణం పెట్టుకుంది.

పేరుభట్టు వెండి గిన్నెల్లో నాటించాడు. వెండికి చిల్లి పెడతారా ఎవరైనా? పైగా పూటకో చెంబెడు పాలతో అభిషేకం.

ఇరవై ఒకటోనాడు అన్నీ సభకొచ్చాయి. వెండి గిన్నెల్లో పచ్చటి చిగుళ్ళు, ఒకదానికి మొగ్గ కూడానూ. చెంగమ్మ కుండల్లో ఉత్త పుల్లలు.

"వంటచెరుకు బాగానే పండించావే చెంగమ్మా," అన్నాడు పేరుభట్టు.

సభంతా నవ్వింది. రాజుగారు శాలువ తెమ్మన్నాడు. చెంగమ్మ వెండి గిన్నె దగ్గరికెళ్ళి వంగి వాసన చూసింది. చూసి, చేతులు జోడించింది. భట్టుగారిదే గెలుపంది. ఇంత మహిమ గల మొక్కను ఆ పుణ్యహస్తాలతోనే రాణీగారి ఒడిలో పెడితే అమ్మవారికి చేరినట్టేనంది.

పేరుభట్టు ఉప్పొంగిపోయాడు. పుట్టి బుద్ధెరిగి మొక్కనెత్తినవాడు కాడు. రాణీగారు కొంగు పట్టగానే, చిగురు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని పైకి లాగాడు.

పుల్ల వచ్చింది. మట్టి గిన్నెలోనే ఉండిపోయింది. పుల్ల అడుగంతా నల్లగా కుళ్ళి, విరిగిన పాల కంపు. రాణీగారు ముక్కు మూసుకున్నారు.

చెంగమ్మ తన కుండను బోర్లించి తట్టింది. చుట్టూ తెల్లటి వేళ్ళు అల్లుకున్న మట్టిముద్ద బయటికొచ్చింది.

రాజుగారు తెల్లబోయాడు. "వేళ్ళే లేనిది చిగురెలా వేసిందే?"

చెంగమ్మ మెల్లగా అంది:

"కొమ్మలో తల్లిచెట్టు రసం కొంత మిగిలుంటుంది ప్రభూ. అదున్నన్నాళ్ళూ వేరు లేకపోయినా పచ్చగానే కనిపిస్తుంది. భట్టుగారి తాతగారు మహాపండితులు కదండీ."

ముందు రాణీగారు నవ్వారు. తర్వాత రాజుగారు, ఆ వెనక సభంతా. పందెం ప్రకారం పేరుభట్టు కొలువు వదిలిపోయాడు; శాలువ చెంగమ్మ భుజాలమీదికీ, వెండి గిన్నెలు ఆమె ఇంటికీ చేరాయి.

గిన్నెలు అందుకుంటూనే, అడుగున చిల్లులు పెట్టడానికి కంసాలిని పిలిపించమంది చెంగమ్మ.